అతికించిన కాగితం కింద ట్యూడర్ కథ



1603 మార్చి 24, ఇంకా తెల్లవారలేదు. లండన్‌కు పడమట, థేమ్స్ నది ఒడ్డున ఉన్న రిచ్‌మండ్ రాజభవనంలో ఎలిజబెత్ రాణి కన్నుమూసింది. వయసు 69. పెళ్లి చేసుకోలేదు, పిల్లలు లేరు. తన తర్వాత గద్దె ఎవరిదన్న ప్రశ్న మీద 44 ఏళ్లపాటు ఎవరినీ నోరెత్తనివ్వలేదు. అలాంటి మనిషి, ఆఖరి ఘడియల్లో మంత్రులు మంచం చుట్టూ చేరి అడిగితే స్కాట్లండ్ రాజు జేమ్స్ పేరు చెప్పిందని ఇంగ్లండ్ చరిత్ర పుస్తకాలు 400 ఏళ్లుగా చెబుతూ వచ్చాయి.

ఆ కథకు పెద్ద దన్ను విలియం కామ్డెన్ అనే పండితుడు లాటిన్‌లో రాసిన ఎలిజబెత్ పాలనా చరిత్ర. మొదటి భాగం 1615లో అచ్చయింది. అప్పటికి సింహాసనం మీద ఉన్నది ఆ జేమ్సే. జేమ్స్ తల్లి, స్కాట్లండ్ రాణి మేరీ తలను 1587లో తీయించింది ఎలిజబెత్ ప్రభుత్వం. చనిపోయిన రాణి చరిత్రను, ఆమె చేతుల్లో తల్లిని పోగొట్టుకున్న కొడుకు ఏలుబడిలో, ఆ కొడుకు మనసు నొచ్చుకోకుండా రాయాలి. కామ్డెన్ చేసింది కత్తి మీద సాము.

ఆయన రాతప్రతులు పది సంపుటాలు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. చాలా పేజీల్లో ముందు రాసిన వాక్యాల మీద కొత్త కాగితం ముక్కలు అతికించి, వాటి మీద తిరగరాశాడు. ఊడదీస్తే పేజీ చిరుగుతుంది కాబట్టి ఇన్నేళ్లూ వాటి జోలికి ఎవరూ పోలేదు. ఈమధ్య కాగితం వెనక నుంచి వెలుతురు ప్రసరింపజేసి ఫొటోలు తీశారు. అడుగున ఉన్న అక్షరాలు పైకి తేలాయి. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకురాలు హెలెనా రుత్‌కోవ్‌స్కా వాటిని చదివారు. ఆ సంగతి 2023లో బయటికి వచ్చింది. మరణశయ్య మీద జేమ్స్ పేరు చెప్పిన ఘట్టం మొదటి ముసాయిదాలో లేనే లేదు, తర్వాత చేర్చింది! ఇంకోచోట, ఎలిజబెత్‌ను చంపడానికి స్కాట్లండ్ రాజే తనను పంపాడని 1598లో ఒకడు ఒప్పుకున్న సంగతి ఉండేది. దాన్ని మెత్తబరచి, రాజుకు రాణి మీద సద్భావం లేదని వాడు అన్నట్టుగా మార్చేశారు.

ఈ ఆధారం చుట్టూ అల్లిన పుస్తకమే 2025లో వచ్చిన 'ది స్టోలెన్ క్రౌన్'. అంటే దొంగిలించిన కిరీటం. రచయిత్రి ట్రేసీ బోర్మన్, ట్యూడర్ రాజభవనాల బాగోగులు చూసే సంస్థలో ఎన్నో ఏళ్లు పనిచేసిన చరిత్రకారిణి. ఆమె వాదానికి మరో కొస ఎలిజబెత్ తండ్రి ఎనిమిదో హెన్రీ వీలునామాలో ఉంది. 1546 డిసెంబరులో తయారైన ఆ వీలునామా అక్క మార్గరెట్ సంతతిని, అంటే స్కాట్లండ్ వంశాన్ని, పక్కకు నెట్టి చెల్లెలి సంతతికి హక్కు ఇచ్చింది. దాని మీద రాజు స్వయంగా సంతకం కూడా చేయలేదు. సంతకం ఆకారాన్ని కాగితం మీద అచ్చు ఒత్తి, ఆ గీతలో సిరా నింపారు. ఈ ఒక్క వీలునామా మీదే సుజన్నా లిప్స్‌కూమ్ 2015లో ఒక చిన్న పుస్తకం రాశారు. పరిమాణంలో చిన్నదే గాని, చదవడం మొదలుపెడితే చేతిలోంచి దిగదు.

అయితే బోర్మన్ పుస్తకం పేరు దగ్గర కొంచెం ఆగాలి. మరణశయ్య ఘట్టం కట్టుకథ అని కామ్డెన్ పేజీలు చెబుతున్నాయి. అంతమాత్రాన కిరీటం దొంగసొత్తు అయిపోదు. ఎలిజబెత్ మంత్రి రాబర్ట్ సెసిల్ 1601 నుంచీ జేమ్స్‌తో రహస్యంగా ఉత్తరాలు నడిపాడు. రాణి పోయిన రోజునే జేమ్స్‌ను రాజుగా చాటించారు. ఎక్కడా నెత్తురు చిందలేదు. దేశం కోరుకున్న మనిషే వచ్చాడనడానికి ఆధారాలు తక్కువేమీ లేవు. పుస్తకం లోపలి పేజీలు అట్ట మీది పేరు కంటే నెమ్మదిగా, జాగ్రత్తగా మాట్లాడతాయి. అదే దాని బలం.

ట్యూడర్లు ఇంగ్లండ్‌ను ఏలింది 118 ఏళ్లు మాత్రమే. 1485 ఆగస్టు 22న బోస్‌వర్త్ పొలాల్లో మూడో రిచర్డ్‌ను చంపి ఏడో హెన్రీ రాజయ్యాడు. కొడుకు ఎనిమిదో హెన్రీ, అతని ముగ్గురు పిల్లలు ఎడ్వర్డ్, మేరీ, ఎలిజబెత్, మధ్యలో కొద్ది రోజులు జేన్ గ్రే. అంతే. మనవైపు లెక్క కట్టుకుంటే, ఎనిమిదో హెన్రీ, శ్రీకృష్ణదేవరాయలు గద్దెనెక్కింది ఒకే ఏడాది, 1509లో. అసలు ఈ రాజులు తమను ట్యూడర్లమని చెప్పుకున్నదే అరుదు. ఆ పేరు జనం నోట నిలబడటానికి 18వ శతాబ్దంలో డేవిడ్ హ్యూమ్ రాసిన చరిత్ర చాలావరకు కారణమని ఆక్స్‌ఫర్డ్ చరిత్రకారుడు క్లిఫ్ డేవిస్ వాదించారు.

ఇంత చిన్న వంశం మీద ఏటా ఇన్ని పుస్తకాలు ఎందుకు? ఎనిమిదో హెన్రీ ఆరుగురు భార్యల కథలో రక్తం, ప్రేమ, పగ ఉన్నాయి గనక అని చాలామంది అనుకుంటారు. అది సగమే నిజం. ఈ పది పదిహేనేళ్లలో వచ్చిన మంచి పుస్తకాలు కొత్త కబుర్లు మోసుకురాలేదు. పాత కాగితాలను కొత్త వెలుతురులో పట్టుకుని చూశాయి. చెరిపేసిన పేర్లు, తగలబెట్టిన ఉత్తరాలు, తప్పు కట్టలో పడిన దస్తాలు, ఇంతకాలం ఎవరూ పేరు అడగని పనివాళ్లు వాటిలో కనిపిస్తారు. వాటిని చదువుతుంటే రాజుల కథ వింటున్నట్టు ఉండదు, ఇల్లు వెతుకుతున్నట్టు ఉంటుంది.

ఒక ప్రార్థనా పుస్తకం మూడు ప్రతుల సంగతే చూడండి. 1527 ప్రాంతంలో పారిస్‌లో హార్దూయిన్ అనే ముద్రాపకుడు అచ్చువేసిన ప్రార్థనల పుస్తకం అది. దాని ప్రతి ఒకటి ఎనిమిదో హెన్రీ మొదటి భార్య కేథరిన్ దగ్గర ఉండేది. ఇంకొకటి, ఆమె స్థానంలోకి వచ్చిన రెండో భార్య ఆన్ బొలీన్ దగ్గర. మూడోది, కేథరిన్‌ను వదిలించి ఆన్‌ను రాణిని చేయడంలోనూ, ఆ తర్వాత ఆన్‌ను వధ్యశిల దాకా నడిపించడంలోనూ చెయ్యి ఉన్న మంత్రి థామస్ క్రామ్‌వెల్ దగ్గర. ఒకరి బతుకును ఒకరు కూల్చిన ముగ్గురు ఒకే అచ్చు పుస్తకం తెరిచి దేవుణ్ణి వేడుకున్నారు.

ఆన్ ప్రతి ఇప్పుడు ఆమె పుట్టింటివారి హీవర్ కోటలో ఉంది. తన కోసం ప్రార్థించమని అందులో ఆమె సొంత చేతిరాతతో కోరిన వాక్యం ఉంది. 1536 మే 19న ఆమె తల నరికాక ఆ పుస్తకం ఎటు పోయిందో చాలాకాలం అంతుపట్టలేదు. ఆ కోటలోనే ఉద్యోగం చేస్తూ ఎమ్మే చదువుతున్న కేట్ మెక్‌కాఫ్రీ అనే యువతి పేజీల మీద అతినీలలోహిత కాంతి పడేలా చేసి చూస్తే, ఎవరో తుడిచేసిన పేర్లు కనబడ్డాయి. గేజ్, వెస్ట్, షర్లీ కుటుంబాల పేర్లు. కెంట్ ప్రాంతంలో చుట్టరికాలతో ముడిపడిన ఇళ్లవి. రాజద్రోహి అని ముద్రపడిన రాణి గుర్తును దాచుకోవడం ప్రమాదమైన రోజుల్లో, ఆ ఇళ్ల ఆడవాళ్లు దాన్ని చేతులు మారుస్తూ కాపాడారు. ఈ సంగతి 2021లో ప్రపంచానికి తెలిసింది.

క్రామ్‌వెల్ ప్రతి కథ ఇంకా వింతగా ఉంటుంది. చిత్రకారుడు హోల్బైన్ గీసిన క్రామ్‌వెల్ బొమ్మలో బల్ల మీద నగిషీల అట్టతో ఒక పుస్తకం కనబడుతుంది. ఎన్నో ఏళ్లుగా అందరూ చూసిన బొమ్మే. ఆ పుస్తకం కేంబ్రిడ్జ్‌లోని ట్రినిటీ కళాశాల గ్రంథాలయంలో 1660 నుంచీ భద్రంగా ఉందని హీవర్ కోట పరిశోధకులు 2023లో గుర్తుపట్టారు.

ఈ క్రామ్‌వెల్ పట్నీ అనే ఊళ్లో ఒక మామూలు కమ్మరి కొడుకు. చదువు, మాట, లెక్క, తెగువ పట్టుకుని రాజు పక్కదాకా ఎదిగాడు. 1540 జూన్ 10న ఉన్నట్టుండి పట్టుకుపోయారు, జులై 28న తల తీశారు. అతనికి వచ్చిన ఉత్తరాలు వేల కొద్దీ మిగిలాయి. అతను రాసిన వాటి నకళ్లు మాత్రం దాదాపు లేవు. ఎందుకని? అరెస్టు వార్త తెలియగానే ఇంటివాళ్లు వాటిని పొయ్యిలో వేసి ఉంటారని డయర్‌మెయిడ్ మెకల్లక్ తన 2018 జీవితచరిత్రలో అంటారు. యజమానికి ఉరితాడు కాగలవి అతను రాసినవే గాని అతనికి వచ్చినవి కావు గదా. దాంతో ఇప్పటి చదువరికి మిగిలింది ఫోన్‌లో ఒకవైపు మాటలే వినబడుతున్నట్టు సగం సంభాషణ. మెకల్లక్ పుస్తకం లావు చూసి వెనుదీయనక్కర్లేదు. ఆ మౌనం చుట్టూ ఆయన ఎంత ఓపికగా ఆధారాలు పేర్చారో చూడటానికైనా చదవాలి.

ఆ మౌనంలోకే హిలరీ మాంటెల్ నవలాకారిణిగా అడుగుపెట్టారు. 2009లో 'వుల్ఫ్ హాల్', 2012లో 'బ్రింగ్ అప్ ది బాడీస్'. రెండింటికీ బుకర్ బహుమతి వచ్చింది. 2020లో మూడో భాగంతో క్రామ్‌వెల్ కథ ముగిసింది. ఆమె 2022 సెప్టెంబరులో మరణించారు. రేడియో శ్రోతలు ప్రత్యేకంగా తలచుకోవలసిన సంగతి ఇంకొకటి ఉంది. బీబీసీ రేడియోలో ఏటా జరిగే రీత్ ప్రసంగాలను 2017లో ఇచ్చింది మాంటెలే. చరిత్రకూ కల్పనకూ మధ్య గట్టు ఎక్కడుందో ఐదు ప్రసంగాల్లో విప్పి చెప్పారు. మాంచెస్టర్‌లో మొదలుపెట్టి ఆంట్‌వర్ప్ మీదుగా షేక్‌స్పియర్ ఊరు స్ట్రాట్‌ఫర్డ్ దాకా వెళ్లి మాట్లాడారు. బొమ్మ లేదు, తెర లేదు, ఒక గొంతు మాత్రమే. చచ్చిపోయినవారి గురించి మాట్లాడటంలో ఎంత బాధ్యత ఉందో ఆ గొంతులో వినిపిస్తుంది.

ఇంగ్లండ్‌లో ప్రసంగాలు వినే అలవాటుకు ట్యూడర్ కాలపు పునాదే ఉంది. ఎలిజబెత్ అప్పుల లెక్కలు చూసిన వర్తకుడు థామస్ గ్రెషమ్ తన వీలునామాలో, లండన్ జనానికి ఉచితంగా ఉపన్యాసాలు ఇప్పించాలని డబ్బు కేటాయించాడు. ఆ కళాశాల 1597లో మొదలైంది. ఇప్పటికీ ప్రసంగాలు ఉచితమే. ఎక్కడినుంచైనా ఇంటర్నెట్‌లో వినొచ్చు. దీనికి తోడు ఇప్పుడు పాడ్‌కాస్టులు వచ్చాయి. ఇందాక చెప్పిన లిప్స్‌కూమ్ 2021 నుంచి 'నాట్ జస్ట్ ది ట్యూడర్స్' నడుపుతున్నారు. ఆస్ట్రేలియాలో ఉండే నటాలీ గ్రూనింగర్ అంతకుముందే 'టాకింగ్ ట్యూడర్స్' మొదలుపెట్టారు. కొత్త పుస్తకం రాసినవారు ఆ రెండింటిలోనూ కూర్చుని తమ ఆధారాలను తామే విప్పి చూపుతారు. పుస్తకం కొనేముందు వినడానికి ఇంతకంటే మంచి చోటు లేదు.

అయితే కొత్త వాదాలన్నిటినీ ఒకే గాట కట్టకూడదు. 2012లో లెస్టర్ పట్టణంలో కారు పార్కింగ్ కింద మూడో రిచర్డ్ ఎముకలు దొరకడానికి పట్టుబట్టి కృషి చేసిన ఫిలిప్పా లాంగ్లీ, 2023లో ఇంకో పెద్ద మాట అన్నారు. 1483లో లండన్ కోటలో మాయమైన ఇద్దరు బాల రాకుమారులు చావలేదని, తర్వాత ఏడో హెన్రీ మీదికి దండెత్తి వచ్చినవారు వాళ్లేనని ఆమె వాదం. ఐరోపా దస్తరాల్లో దొరికిన రసీదులు, లేఖలు చూపించారు. కాగితాలు నిజమైనవే కావచ్చు. కాని వాటిలో రాకుమారుడు అని రాసి ఉన్నంత మాత్రాన ఆ మనిషి రాకుమారుడని రుజువు కాదని చాలామంది చరిత్రకారులు ఒప్పుకోలేదు. వారి అభ్యంతరం సరైనదే అనిపిస్తుంది.

రాజుల గదుల్లోంచి బయటికొచ్చి నడవాల్లో నిలబడిన వాళ్లను చూపించిన పుస్తకం నికోలా క్లార్క్ రాసిన 'ది వెయిటింగ్ గేమ్'. 2024లో వచ్చింది. ఆరుగురు రాణుల చెలికత్తెల చరిత్ర. చెలికత్తె అనగానే దీపం పట్టుకుని నిలబడే బొమ్మ కళ్లకు కడుతుంది. ఈ ఆడవాళ్లు అలాంటివారు కారు. మరియా దె సాలినాస్ కేథరిన్ కొలువుకు స్పెయిన్ నుంచి వచ్చింది. 1536 జనవరిలో కేథరిన్ కింబోల్టన్ కోటలో, ఎవరినీ కలవనివ్వని నిర్బంధంలో ప్రాణాలతో కొట్టుకుంటోంది. మరియా అనుమతి లేకుండా చలికాలపు దారిలో గుర్రం మీద వచ్చి, మాటలతో కాపలావాళ్లను దాటి లోపలికి వెళ్లింది. మళ్లీ బయటికి పంపడం వారి తరం కాలేదు. జనవరి 7న కేథరిన్ పోయింది. ఆ వేళ పక్కన సొంత మనిషి ఉంది. మరోవైపు నార్‌ఫోక్ డచెస్ ఎలిజబెత్ స్టాఫర్డ్, భర్త ఆన్ బొలీన్ మేనమామ అయినా కూడా, కేథరిన్‌కు నారింజపండులో ఉత్తరం దాచి పంపింది. అది స్పెయిన్ రాయబారి జాబుల్లో ఉంది.

కొలువులో చోటు ఎలా దొరికేదో చూడండి. 1537లో మూడో రాణి జేన్ సీమోర్ గర్భిణి. ఆమెకు పూరేడు పిట్టల మాంసం మీద మనసు పోయింది. కలే రేవులో ఉండే లేడీ లైల్ అక్కడినుంచి పూరేళ్లు పట్టించి ఓడల మీద రాణిగారి వంటింటికి పంపుతూ వచ్చింది. ఒకనాడు రాణి ఆ పిట్టలు తింటూ, పంపిన ఇల్లాలి కూతుళ్ల ప్రస్తావన తెచ్చింది. ఆ ఏడే కూతురు ఆన్ బాసెట్‌కు కొలువు దొరికింది. వెంటనే, ఫ్రెంచి టోపీ పనికిరాదు, ఇంగ్లీషు వేషం వేసుకోవాలని ఆజ్ఞ. ఇదంతా ఎలా తెలిసిందంటే, తర్వాత ఆమె భర్త లైల్ ప్రభువు మీద అనుమానం వచ్చి వారి ఇంటి కాగితాలన్నీ ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. ఆ ఇంటి దురదృష్టం చదువరులకు భాగ్యమయింది.

చెలికత్తెలకంటే ఇంకా దూరాన, గుంపులో నిలబడిన ఒక మనిషి ఉన్నాడు. లండన్‌లోని ఒక దస్తరంలో అరవై అడుగుల పొడవున్న చుట్ట బొమ్మ ఉంది. 1511లో, కొడుకు పుట్టాడన్న సంబరంతో ఎనిమిదో హెన్రీ జరిపించిన ఆటల పోటీల చిత్రం. ఆ పసివాడు 52 రోజులే బతికాడు. ఆ చుట్టలో గుర్రాల మీద బాకాలు ఊదేవాళ్లలో ఒక నల్లజాతి మనిషి తలపాగాతో రెండుసార్లు కనబడతాడు. పేరు జాన్ బ్లాంక్. 1507 నవంబరు నెలకు అతనికి రోజుకు 8 పెన్నీల చొప్పున జీతం ముట్టిన లెక్క ఉంది. తోటి బాకావాడు చనిపోయినప్పుడు ఆ స్థానం, జీతం తనకు ఇవ్వమని, ఉన్న కూలితో గడవడం లేదని రాజుకు అర్జీ పెట్టుకున్నాడు. జీతం 16 పెన్నీలు అయింది. 1512 జనవరిలో అతని పెళ్లికి రాజు బట్టలు పెట్టాడు.

మిరాండా కౌఫ్‌మన్ 2017లో రాసిన 'బ్లాక్ ట్యూడర్స్' ఇతనితో మొదలవుతుంది. అందులో ఇంకొకరు జాక్ ఫ్రాన్సిస్. ఆఫ్రికాలో గినీ తీరం నుంచి వచ్చిన గజఈతగాడు. 1545 జులై 19న మునిగిన రాజుగారి యుద్ధనౌక మేరీ రోజ్ నుంచి ఫిరంగులు పైకి తీయడానికి పెట్టుకున్న జట్టులో ముఖ్యుడు. 1548లో ఒక దావాలో నౌకా న్యాయస్థానం ఎదుట సాక్ష్యం చెప్పాడు. ఇతను బానిస, ఇతని మాట చెల్లదని ఎదుటివాళ్లు అడ్డుపడ్డారు. కోర్టు విన్నది, రాసుకుంది. ఆ రాత ఇప్పటికీ ఉంది. 1500 నుంచి 1640 మధ్య ఇంగ్లండ్‌లో బతికిన 360 మందికి పైగా ఆఫ్రికన్ల జాడలను కౌఫ్‌మన్ చర్చి రిజిస్టర్లు, పన్నుల లెక్కలు, కోర్టు కాగితాల నుంచి ఏరారు. ట్యూడర్ ఇంగ్లండ్ అంతా ఒకే రంగు అనుకున్నవారికి ఈ పుస్తకం కళ్లు తెరిపించింది.

తప్పు కట్టలో పడిన దస్తాల మాట ఇందాక వచ్చింది. పారిస్ జాతీయ గ్రంథాలయంలో సంకేతలిపి కాగితాల కట్ట ఒకటి ఇటలీ వ్యవహారాలన్న పేరుతో ఉండిపోయింది. ఒక కంప్యూటర్ నిపుణుడు, ఒక పియానో విద్వాంసుడు, ఒక భౌతికశాస్త్రం చదివిన మనిషి కలిసి ఆ గుర్తులు విప్పారు. భాష ఇటాలియన్ కాదు, ఫ్రెంచి. రాస్తున్నది ఆడమనిషి. నా స్వేచ్ఛ అంటుంది, నా కొడుకు అంటుంది. ఇంతలో ఎలిజబెత్ గూఢచారుల పెద్ద వాల్సింగమ్ పేరు వచ్చింది. జేమ్స్ తల్లి, స్కాట్లండ్ రాణి మేరీ, 19 ఏళ్ల నిర్బంధంలో ఉండగా ఎక్కువగా లండన్‌లోని ఫ్రెంచి రాయబారికి రాసిన ఉత్తరాలవి! మొత్తం 57. ఆమె తల తీసిన ఫిబ్రవరి 8వ తేదీనే, 2023లో ఆ సంగతి ప్రచురించారు.

ఇదే కాలంలో తెలుగు నేల మీద కాలుపెట్టిన ట్యూడర్ ప్రజలు కూడా ఉన్నారు. 1583లో ఎలిజబెత్ రాణి అక్బరు పేర రాయించిన ఉత్తరంతో కొందరు వర్తకులు టైగర్ అనే ఓడ ఎక్కారు. వారిలో ఒకడు రాల్ఫ్ ఫిచ్. హోర్ముజ్‌లో పోర్చుగీసువాళ్లు పట్టుకుని గోవా జైల్లో పెడితే, బయటపడి 1584లో బీజాపూరు మీదుగా గోల్కొండ చేరాడు. అప్పుడు అక్కడ ఏలుతున్నది మహమ్మద్ కులీ కుతుబ్‌షా. అక్కడికి ఎనిమిది రోజుల దారిలో మచిలీపట్నం రేవు ఉందని, పెగూ నుంచి, సుమత్రా నుంచి ఓడలు వస్తాయని ఫిచ్ రాసుకున్నాడు. అతను లండన్ తిరిగి వెళ్లిన 1591లోనే ఇక్కడ హైదరాబాదుకు పునాది పడింది. అక్కడ ఇంట్లోవాళ్లు చనిపోయాడనుకుని అప్పటికే ఆస్తి పంచేసుకున్నారు.

1600 డిసెంబరు 31న ఎలిజబెత్ ఈస్టిండియా కంపెనీకి పట్టా ఇచ్చింది. ఆ కంపెనీ తొలి రోజుల్ని, జహంగీరు కొలువులో నిలబడిన ఇంగ్లీషు రాయబారి థామస్ రో అనుభవాల్ని నందినీ దాస్ 2023లో 'కోర్టింగ్ ఇండియా'లో రాశారు. దానికి బ్రిటిష్ అకాడమీ పుస్తక బహుమతి వచ్చింది. తూర్పు దేశాల రాజులకు ఉత్తరాలు రాయించాల్సి వచ్చినప్పుడు, ఎవరిని ఏ బిరుదుతో సంబోధించాలో ఫిచ్‌ను అడగాలని కంపెనీ 1606లో తన పుస్తకంలో రాసుకుంది. ఐదేళ్ల తర్వాత, 1611 ఆగస్టులో, కంపెనీ ఓడ గ్లోబ్ నిజాంపట్నం చేరింది. అక్కడినుంచి మచిలీపట్నం వెళ్లి లంగరు దించింది.